దరోజీలో తల్లి ఎలుగు

హంపికి వెళ్లినవాళ్లలో చాలామంది రాతిరథం దగ్గర ఫొటోలు దిగి, విరూపాక్షుడి దర్శనం చేసుకుని తిరుగుబండి ఎక్కేస్తారు. అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలోనే దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది. 1994లో ప్రకటించారు. ఇప్పుడు దాదాపు 82 చదరపు కిలోమీటర్లు. మేము హంపి కోసం కాదు, దీనికోసమే బయల్దేరాం. అదీ మార్చిలో, కావాలనే.

ఎందుకంటే ఎలుగుబంట్లు మన దగ్గర ఎక్కువగా నవంబరు, జనవరి మధ్య పిల్లల్ని పెడతాయి. బండల కింద గుహలోనో, తవ్వుకున్న బొరియలోనో ఒకటి రెండు పిల్లలు, అరుదుగా మూడు. పుట్టినప్పుడు అరకిలో కూడా ఉండవు. మూడు వారాల దాకా కళ్లు తెరవవు. రెండు మూడు నెలలు వచ్చాకే తల్లి వాటిని వీపు మీద ఎక్కించుకుని బయటికి తెస్తుంది. పిల్లల్ని ఇలా వీపున మోసుకు తిరగడం ఎలుగుజాతులన్నిటిలో మన నల్ల ఎలుగుకే (స్లాత్ బేర్) అలవాటు. నాకు కళ్లారా చూడాలని ఉన్నది అదే.

గుంతకల్లు నుంచి హోస్పేట దాకా రైలు, అక్కడినుంచి ఆటో. బళ్లారి చుట్టుపక్కల తెలుగుకు కొరత లేదు. "పొద్దున్నే పోతే ఏం లాభం లేదన్నా, మధ్యాన్నం పైన పోదాం. ఎండ తగ్గితేనే అవి దిగేది" అన్నాడు ఆటో అతను. అన్నట్టే మధ్యాహ్నం తర్వాతే లోపలికి వదిలారు. దారి పొడవునా ముళ్లపొదలు, రేగి, రేల చెట్లు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్రాళ్లు. ఎండ మాడ్చేస్తోంది.

వాచ్‌టవర్ ఎదురుగా ఒక రాళ్లగుట్ట. సిబ్బంది ముందే వెళ్లి ఆ బండల మీద బెల్లం పాకం పూసి వస్తారు. మొదట నెమళ్లు వచ్చాయి, వాటి వెనకే అడవిపందులు. గంటకు పైగా ఇంకేమీ లేదు. మా వాడు "నాన్నా, రావేమో" అని గొణగడం మొదలుపెట్టాడు. నాకూ లోపల టెన్షన్‌గానే ఉంది.

మొదట చూసింది నా భార్యే. "ఏవండీ, ఆ పెద్ద బండ పక్కన" అంది. బైనాక్యులర్స్‌లో చూస్తే ముందు ఒక నల్లటి ముద్ద, తర్వాత దుమ్ముపట్టిన లేతరంగు మూతి. వీపు మీద ఏదో గడ్డకట్టిన జుట్టులా ఉంది అనుకునేలోగా ఆ జుట్టుకు రెండు చెవులు కనిపించాయి. రెండు పిల్లలు! ఒకటి భుజాల దగ్గర, ఇంకొకటి దాని వెనక, తల్లి బొచ్చును గోళ్లతో గట్టిగా పట్టుకుని బోర్లా పడుకున్నాయి. తల్లి రాయి మీంచి రాయి మీదికి దిగుతుంటే వెనకది పక్కకు జారింది. తల్లి ఆగింది. అది కాళ్లు కొట్టుకుంటూ మళ్లీ పైకి పాకి సర్దుకున్నాకే ఇంకో అడుగు వేసింది. ఆ ఆగడం చూసి నాకు గొంతు పట్టేసింది.

బండ దగ్గరికి వచ్చాక ముందున్నది కిందికి దిగి తల్లి మూతి పక్కనే నాకడం మొదలుపెట్టింది. రెండోది దిగలేదు. కాసేపటికి గుట్ట అవతలి నుంచి ఒక పెద్ద మగ ఎలుగు వచ్చింది. తల్లి తలెత్తి ఒక్కసారి గుర్రుమంది. కిందున్న పిల్ల ముంగాలు పట్టుకుని, భుజం ఎక్కి, చూస్తుండగానే వీపు మీదికి చేరిపోయింది. ఎదురుగా అంత బెల్లం ఉన్నా తల్లి మళ్లీ అటు చూడలేదు. పిల్లలతో రాళ్ల వెనక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంకా ఎలుగులు వచ్చాయి గానీ నా మనసు వాటి మీద నిలవలేదు.

మిగతా ఎలుగుజాతుల్లో చాలావాటిలో ప్రమాదం వస్తే పిల్లలు చెట్టెక్కుతాయి. ఈ ముళ్లపొదల అడవిలో, చిరుతలున్న చోట, తల్లి వీపే వీటికి చెట్టు. అందుకే ప్రమాదం మరీ దగ్గరికొస్తే తల్లి పారిపోదు, ఎదురు తిరుగుతుంది. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటలకు వెళ్లినవాళ్ల మీద ఎలుగులు పడ్డాయని వింటుంటాం. 2022లో వజ్రపుకొత్తూరు మండలంలో ప్రాణం కూడా పోయింది. ఆ కుటుంబాల బాధ చిన్నది కాదు. కానీ పిల్లలున్న తల్లి ఎదురుపడితే అది క్రూరత్వంతో కాదు, భయంతో మీదికొస్తుందన్నది తోటకు వెళ్లేవాళ్లకు తెలియాలి. చీకట్లో వెళ్లకుండా, నలుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళితే అది ముందే తప్పుకునే వీలుంటుంది.

నా చిన్నప్పుడు వీధిలోకి ఎలుగుబంటిని ఆడించేవాళ్లు వచ్చేవారు. దడుపు పోతుందని పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టేవారు, దాని వెంట్రుకతో తాయెత్తు కట్టేవారు. ఆ ఎలుగు అక్కడికి ఎలా వచ్చిందో మనం అడగలేదు. చాలాసార్లు తల్లిని చంపి పిల్లను పట్టేవారు. మూతికి రంధ్రం పొడిచి తాడు వేసేవారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగిన ఆ ఆట, 2009లో ఆఖరిదైన రాజు అనే ఎలుగును విడిపించాక ఆగింది. ఆడించే కుటుంబాలకు వేరే బతుకుతెరువు చూపించడం వల్లే అది సాధ్యమైంది.

బెల్లం పూసి రప్పించే పద్ధతి మాత్రం నాకు నచ్చలేదు. చెదపుట్టను తవ్వి, మూతి లోపలికి పెట్టి చెదలను జుర్రుకునే జంతువు ఇది. పైవరస ముందుపళ్లలో మధ్య రెండూ ఉండవు, అందుకే ఆ పీల్చుడు. తల్లి తవ్వుతుంటే పిల్లలు చూసి నేర్చుకుంటాయి. రెండేళ్ల దాకా తల్లి వెంటే ఉంటాయి. వాటికి మనిషి పూసిన తీపి అలవాటు కాకపోతేనే మంచిది. రేగి, నేరేడు, జాన చెట్లు ఇంకా పెంచితే చాలు. కనిపించేవి తగ్గినా నాలాంటివాళ్లు వస్తారు.

వెళ్లాలనుకునేవాళ్లు మంచి బైనాక్యులర్స్ తప్పక తీసుకెళ్లండి, గుట్ట దూరంగానే ఉంటుంది. నీళ్లు, టోపీ మర్చిపోవద్దు. టవర్ మీద ఫోన్ సైలెంట్‌లో పెట్టి, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. వీపు మీద పిల్లల్ని చూడాలంటే మార్చి నుంచి మే లోపు వెళ్లాలి. వానాకాలం గడిచేసరికి అవి బరువెక్కి, దిగి పక్కన నడుస్తుంటాయి.