స్పీకరుకు పలికిన పిట్ట

కాళ్ల నొప్పులతో నిద్ర పట్టడం లేదేమో అనుకుని మా ఆయన అమృతాంజనం సీసా తలగడ పక్కన పెట్టి పడుకున్నారు. కాళ్లు బాగానే ఉన్నాయి. ఆ బ్లూటూత్ స్పీకరే చెవుల్లోంచి పోవడం లేదు.

కార్తీక మాసంలో, అదీ ఆదివారం, పెంచలకోన వద్దని పిట్టలు చూసే మా జట్టు మొత్తానికి చెప్పాను. వనభోజనాల జనం ఉంటారు, మైకులు ఉంటాయి. వింటేగా! చీకటితోనే బయలుదేరి, రాపూరులో టీ తాగి, జనం దిగకముందే గుడి వెనక కొండ వారకు చేరాం. రాత్రి వాన పడింది కాబట్టి బండలన్నీ జారుడే. పొదల నిండా పొదపిగిళ్లు (బుల్‌బుల్ జాతి పిట్టలు), ఒకటే వాగుడు. కంటిపైన తెల్ల గీత ఉంటుందే, అవి. మేము వెళ్లింది వాటి కోసం కాదు, కొండ పొదపిగిలి కోసం. దక్షిణాది రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పిట్ట. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డాన్ దొర 1845లో దాని గురించి రాశాడని మీకు ఇప్పటికే చాలాసార్లు చెప్పి విసిగించాను. చిక్కేమిటంటే రెండింటి కూతా దగ్గర దగ్గరగా ఉంటుంది. కొండదే అని సంబరపడి చూస్తుంటే పొదలోంచి తెల్ల కనుబొమ్మ బయటికొస్తుంది.

అంతలో దిగారు ఇద్దరు. మిలిటరీ రంగు చొక్కాలు, మోచెయ్యంత లెన్సులు. ఒకాయన జేబులోంచి స్పీకరు తీసి బండ మీద పెట్టి, ఆ పిట్ట కూతే మోగించాడు. ఆపాడు. మళ్లీ మోగించాడు, ఈసారి సౌండు పెంచి.

"ఏంది సార్ ఇది, దాన్ని అట్లా ఏడిపించొచ్చా?" అన్నాను.

"రెండే నిమిషాలు మేడం."

పొయ్యి మీద పాలు చూడమంటే మా ఆయన చెప్పే రెండు నిమిషాల్లాంటివే అవి కూడా. తన చోటులోకి ఇంకోటి చొరబడిందనుకుని, ఆ పిట్ట మేత మానుకుని కొట్లాటకు వస్తుంది. రాని శత్రువు కోసం వెతుక్కుంటుంది. ఇదంతా చెబుదామనుకుంటే రెండో ఆయన నన్నే "ష్" అన్నాడు! స్పీకరు మోగొచ్చు, నేను మాట్లాడకూడదు. మా జట్టులో ఒక్కరన్నా నోరు మెదిపారా అంటే, లేదు. అందరూ బైనాక్యులర్లు సర్దుకుంటున్నారు.

పిట్ట వచ్చింది. బండ అంచున వాలింది. పసుపు తల, పసుపు గొంతు, బూడిద కలిసిన ఆకుపచ్చ ఒళ్లు, తోక కొసల్లో లేత మచ్చలు. నెత్తిన కుచ్చు లేదు. అనుమానమే లేదు, అదే. స్పీకరు వైపు చూసి, అటూ ఇటూ దూకి, పొదలోకి పోయింది.

దారంతా ఆ ఇద్దరినీ తిట్టుకుంటూనే వచ్చాను. పొదలకూరు దాటాక మాత్రం అమ్మమ్మ వాళ్ల నిమ్మతోటలో కాపలా ఉండే యానాది తాత గుర్తొచ్చాడు. పిట్టను చూడకుండా గొంతు విని పేరు చెప్పడం నాకు నేర్పింది ఆయనే. పికిలిపిట్ట ఎప్పుడు ఊరికే అరుస్తుందో, ఎప్పుడు పామును చూసి అరుస్తుందో తేడా చెప్పేవాడు. అరచేతులు దోనెలా మూసి, సందులోంచి ఊది, కౌజు కూత కూసేవాడు. చేను గట్టు అవతల నుంచి మగ కౌజు బదులిచ్చేది. తాత ఆగేవాడు. అది ఇంకాస్త దగ్గరికొచ్చి అరిచేది. మేము పిల్లలం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. చివరికది ఉచ్చులో పడేది. ఒకసారి నేను ఏడిస్తే, "కోడిని తింటావు, కౌజుకు ఏడుస్తావేంది పాపా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ కౌజు కూర నేనూ తిన్నాను, బాగుంది కూడా.

మరి తాత చేసిందీ అదే కదా? ఆయన నోటితో పిలిస్తే విద్య, వీళ్లు ఫోనుతో పిలిస్తే పాపమా? జెర్డాన్ కాలంలో అయితే తుపాకీతో కొట్టి, చర్మం ఒలిచి చూసేవాళ్లు. ఆయన కూడా పిట్టల సంగతులు ఇక్కడి యానాదులనే అడిగి తెలుసుకున్నాడు. ఫొటో తీసుకుని పోయేవాళ్లే నయమనిపించింది కాసేపు.

ఊహూఁ. తాతకు ఊపిరి అయిపోయేది. ఒక కౌజు దొరికితే ఆ పూటకు చాలించేవాడు. స్పీకరుకు అలుపు లేదు, వచ్చే ఆదివారం ఇంకో ఇద్దరు వస్తారు, వాళ్ల దగ్గరా స్పీకరు ఉంటుంది.

ఇంతా చేసి, దాన్ని నేను చూసింది వాళ్ల పుణ్యానే. అందుకే ఈ మంట. నేను చూసిన పిట్టల లిస్టులో ఎక్కించకుండా వదిలేద్దామనుకున్నాను. మళ్లీ, పిట్ట అక్కడ ఉన్న మాట నిజమే కదా అని ఎక్కించాను. "స్పీకరు పెడితే వచ్చింది" అని పక్కన రాశాను కూడా.

జట్టు వాట్సాప్‌లో ఆ బండ లొకేషన్ పంపమని ఒకరు అప్పుడే అడిగారు. ఎవరికో కావాలట. చూసి ఊరుకున్నాను. నీలం టిక్కులు పడే ఉంటాయి, పడనీ.