ఆర్‌ఓ పెట్టినా అక్వేరియం నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) దిగట్లేదా?

ముందు మెంబ్రేన్‌ని (లవణాలను ఆపే పొరని) తప్పుపట్టకండి. తాగునీటి ప్యూరిఫైయర్ అయితే టీడీఎస్ కంట్రోలర్ స్క్రూ చూడండి. అది తెరిచి ఉంటే మెంబ్రేన్ దాటని నీళ్లు కొన్ని వచ్చి కలుస్తాయి, పూర్తిగా మూసేయాలి. లవణాలు తిరిగి కలిపే మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటే దానికి ముందే నీళ్లు పట్టుకోండి.

మొదటి ఐదు నిమిషాల నీళ్లు పారబోసి, ఆ తర్వాతే టీడీఎస్ మీటర్ పెట్టండి. ఆగి ఉన్నప్పుడు మెంబ్రేన్ గుండా లవణాలు మెల్లగా శుద్ధి నీళ్ల వైపు చేరతాయి, అందుకే తొలి రీడింగ్ నమ్మలేం. లోపలికి 300 పీపీఎం వెళ్లి 15 వస్తే 95 శాతం వడపోత, బాగున్నట్టే. 60 వస్తే ఏదో తేడా ఉంది. కొత్త మెంబ్రేన్‌కీ ఇలాగే వస్తుంటే, దాని కొనగొట్టం మీద రెండు చిన్న నల్ల ఓ-రింగులు ఉంటాయి, వాటిని చూడండి. ఒకటి మడతపడినా ముడినీరు పక్కనుంచి జారిపోతుంది.

కార్బన్ ఫిల్టర్ దాటిన నీళ్లకు క్లోరిన్ పరీక్ష మాత్రం మానొద్దు. క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పాడవుతుంది, మళ్లీ బాగవదు.

ఉత్త ఆర్‌ఓ నీళ్లలో కేహెచ్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే కార్బొనేట్ల కొలత) దాదాపు సున్నా, అందుకే పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది. 50 లీటర్లకు 3 గ్రాముల వంటసోడా సుమారు 2 డిగ్రీల కేహెచ్ ఇస్తుంది. కాల్షియం, మెగ్నీషియం వేరుగా కలపాల్సిందే.