బైఫిడో ప్లేట్లు: డైల్యూషన్ పెంచేకొద్దీ లెక్క పెరుగుతోంది

పెరుగులో బతికున్న బాక్టీరియాను లెక్కపెడుతున్నాం: పెరుగును పదేసి రెట్లు పలచన (డైల్యూషన్) చేస్తూ ప్లేటులో పోసి, మొలిచిన కాలనీలను లెక్కేయడం. ఒక్కో మెట్టుకు కాలనీలు పదో వంతుకు తగ్గాలి. థర్మోఫిలస్ ఎం17 (దాన్ని పెంచే మీడియం) మీద చక్కగా కుదిరింది: 10⁻⁷ (కోటి రెట్లు పలచన)లో 112, 10⁻⁸లో 10. బల్గారికస్ కూడా పీహెచ్ 5.4 ఎంఆర్‌ఎస్ (ఇంకో మీడియం) మీద ఏ పేచీ పెట్టలేదు. విసిగిస్తున్నదల్లా బైఫిడోబాక్టీరియమే (బైఫిడో).

మీడియం: ఎంఆర్‌ఎస్‌లో లీటరుకు 50 మి.గ్రా. ముపిరోసిన్ (మిగతా బాక్టీరియాను ఆపే యాంటిబయాటిక్), 0.05 శాతం సిస్టీన్ (ఆక్సిజన్ ప్రభావాన్ని తగ్గించేది). 1 మి.లీ. పోర్ ప్లేట్లు (నమూనా మీద కరిగిన మీడియం పోసేవి), 37 డిగ్రీల్లో 72 గంటలు, గాలి లేకుండా (బైఫిడోకు ఆక్సిజన్ పడదు). 10⁻⁵లో 184, 10⁻⁶లో 47, 10⁻⁷లో 13 కాలనీలు. గ్రాముకు లెక్కేస్తే వరుసగా 1.84 కోట్లు, 4.7 కోట్లు, 13 కోట్లు. ఒకే పెరుగుకు మూడు జవాబులు! జోడీ ప్లేట్లు మాత్రం దగ్గర దగ్గరగానే ఉన్నాయి.

మొదటి అనుమానం పిపెట్ టిప్ మీద. కానీ పెరుగును తూచి (10 గ్రా., 90 మి.లీ.లో) వేశాం, తర్వాత ప్రతి ట్యూబుకూ కొత్త టిప్పే. టిప్పుకు అంటుకున్న పెరుగు తర్వాతి ట్యూబుకు వెళ్లడానికి దారి లేదు.

రెండోది కిక్కిరిసిన ప్లేటులో ఆమ్లం పెరిగి కాలనీలు ఎదగకపోవడం. తేల్చుకోవడానికి 10⁻⁵ ట్యూబులోంచే 0.1 మి.లీ. (10⁻⁶ ప్లేటుకు సమానం) పోస్తే 19 వచ్చాయి. ఆమ్లమే కారణమైతే 47 దగ్గరకు రావాలిగా? రాలేదు. అంటే ప్లేటులో కాదు, ఒక ట్యూబు నుంచి ఇంకో ట్యూబుకు వెళ్లేలోపే ఏదో మారుతోంది.

మిగిలింది ముద్దలు. మైక్రోస్కోప్‌లో కేసీన్ (పాల ప్రోటీన్) తునకల్లో చిక్కుకున్న వై ఆకారపు కణాల గుంపులు కనిపించాయి. గుంపెంత పెద్దదైనా కాలనీ ఒకటే. వోర్టెక్స్ (ట్యూబును గిర్రున తిప్పి కలపడం) చేసిన ప్రతిసారీ అది విడిపోతుంది, లెక్క పెరుగుతుంది. 10⁻⁵ ట్యూబును 10 సెకన్లు తిప్పితే 184, 30కి 241, 60కి 268, 120కి మళ్లీ 203. చివరి తగ్గుదల లోపలికి చేరిన గాలి వల్లేమో.

మొదటి డైల్యూషన్‌ను 40 డిగ్రీల 2 శాతం ట్రైసోడియం సిట్రేట్ (కేసీన్‌ను విడదీసేది)లో చేసి 60 సెకన్లు తిప్పితే 10⁻⁵ ప్లేటు లెక్కకు అందలేదు (కాలనీలు మరీ ఎక్కువ, అందకూడదు కూడా), 10⁻⁶లో 71, 10⁻⁷లో 11. ఇంకా 7 రావాల్సిన చోట 11 ఉంది. అయితే ఇంత చిన్న అంకెలో 3, 4 కాలనీల ఊగిసలాట మామూలే. 2 రావాల్సిన చోట 13 రావడం మాత్రం యాదృచ్ఛికం కాదు. అందుకే ఈసారి 10⁻⁷ ప్లేట్లు ఐదు పోసి సగటు చూడాలి. డైల్యూయెంట్‌ను (పలచన చేసే ద్రవాన్ని) మరిగించి చల్లార్చి, అందులోనూ సిస్టీన్ వేయాలి.

గాలి తీయడానికి అనెరోజెన్ సాచెట్టే (జార్‌లోని ఆక్సిజన్‌ను పీల్చే సంచి) మేలు, నీళ్లు పోసే పని లేదు. క్యాండిల్ జార్ (లోపల కొవ్వొత్తి వెలిగించి మూసేది) బైఫిడోకు పనికిరాదు, ఆక్సిజన్ చాలా మిగులుతుంది. రెజాజురిన్ (ఆక్సిజన్ ఉందో లేదో చూపే రంగు) గులాబీ రంగులో ఉంటే ఆ జార్ ప్లేట్లు లెక్కపెట్టి లాభం లేదు.

తర్వాతి పని అసిడోఫిలస్ అనే ఇంకో బాక్టీరియా: లీటరు ఎంఆర్‌ఎస్‌కు 0.1 మి.గ్రా. క్లిండమైసిన్, 10 మి.గ్రా. సిప్రోఫ్లాక్సాసిన్ (రెండూ యాంటిబయాటిక్‌లే). 0.1 మి.గ్రా. తూచడం అయ్యే పని కాదు, కాబట్టి ముందు స్టాక్ (గాఢ) ద్రావణం చేసి ఫిల్టర్ చేయాలి.