ట్రైలర్ మీద ఒక గ్రాము

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో సార్ ఇచ్చిన మొదటి లెక్క చూడ్డానికి చాలా చిన్నది. డిస్ప్రోసియం-163, హోల్మియం-163 అనే రెండు మూలకాల పరమాణువుల ద్రవ్యరాశుల తేడా కట్టి, ఏది దేనిగా మారుతుందో చెప్పాలి. టేబుల్లో అంకెలు పొడుగ్గా ఉన్నాయని నాలుగు దశాంశాలకి కుదించి ఎక్సెల్లో కొట్టాను. రెండూ 162.9287. తేడా సున్నా!

"ఉన్న తేడా అంతా ఆరో దశాంశంలో ఉంటే, దాన్నే కోసేశావేంటమ్మా?" అన్నారు సార్.

మళ్లీ కట్టాను. తేడాని శక్తి రూపంలో చెబితే 2.8 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చింది, అదీ మైనస్‌లో. అంటే డిస్ప్రోసియమే తేలిక, అది హోల్మియంగా మారే వీల్లేదు. నా టాపిక్కేమో నక్షత్రాల్లో డిస్ప్రోసియం బీటా క్షయం, అంటే కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఎలక్ట్రాన్ పుట్టడం! ఎక్కడ తప్పానో తెలియక రెండు రోజులు నిద్ర లేదు.

తీరా చూస్తే లెక్క సరైనదే. కాకపోతే నేను కట్టింది ఎలక్ట్రాన్లన్నీ ఉన్న మామూలు పరమాణువుకి. నక్షత్రం లోపలి కోట్ల డిగ్రీల వేడికి అవి ఊడిపోతాయి. అప్పుడు బీటా క్షయంలో పుట్టిన ఎలక్ట్రాన్ బయటికి పోనక్కర్లేదు, ఖాళీ అయిన లోపలి కక్ష్యలోనే కూర్చోవచ్చు. అలా కూర్చుంటే దాదాపు 65 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కలిసొస్తుంది. ఆ 2.8, మిగతా ఖర్చులు పోగా 50 దాకా మిగులు. మైనస్ కాస్తా ప్లస్! 1992లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 66 ఎలక్ట్రాన్లూ ఒలిచేసిన డిస్ప్రోసియాన్ని వలయంలో తిప్పి చూస్తే అర్ధాయువు 47 రోజులే వచ్చింది. మామూలుగా అది ఎన్నటికీ క్షయం కానిది.

నాన్న పోర్టు దగ్గర లారీల కాటాలో పనిచేస్తారు. ఆ 2.8 ఎంత చిన్నదో ఆయనకి చెప్పాలని లెక్కేశాను. మొత్తం ద్రవ్యరాశిలో ఐదు కోట్లలో ఒక వంతు. 53 టన్నుల ట్రైలర్ మీద ఒక గ్రాము.

"మా కాటా పది కిలోలకి తక్కువ చూపించదే! వాళ్లు దేని మీద తూచారు?"

పెన్నింగ్ ట్రాప్ అని చెప్పాను. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఒక్క అయానుని బంధించి తిప్పుతారు. బరువైతే నెమ్మదిగా తిరుగుతుంది. సెకనుకి ఎన్ని చుట్లో చూసి ద్రవ్యరాశి కడతారు. 2024లో హైడెల్‌బర్గ్ వాళ్లు ఇచ్చిన తేడా 2863.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అటూ ఇటూ 0.6. అంటే ఆ గ్రాములో కూడా దాదాపు ఐదువేలో వంతు దాకా తూచినట్టు. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు.

మా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని మొదలుపెట్టిన స్వామి జ్ఞానానంద సన్యాసి. నాకు మాత్రం వైవా ముందురోజు వైరాగ్యం రాలేదు, టెన్షనే వచ్చింది.

"టేబుల్లో మైనస్ ఉంది, మరి టైటిల్ తప్పా?" అని బయటి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొదటే అడిగారు. బోర్డు మీద కక్ష్యలు గీసి, లోపలిది ఖాళీగా వదిలి చూపించాను. "సరే, ఆ హోల్మియం అక్కడ ఏమవుతుంది?" ఇది నేను అనుకోని ప్రశ్న. న్యూట్రాన్ని పట్టుకుంటే చివరికి ఎర్బియం-164 కావచ్చని ఎక్కడో చదివింది సమయానికి గుర్తొచ్చింది.

ఆయన పేజీలు తిప్పి, "ఆరో దశాంశం దాకా శ్రద్ధగా రాశావమ్మా" అన్నారు. నేను సార్ వైపు చూడలేదు.