అమెరికా బడిలో చదువు తడబడే పిల్లలకు: కాగితం మీద అడగండి

కొత్త ప్రాజెక్టు, కొత్త ఊరు, ఏడాదికోసారి మారే అద్దె ఇల్లు. ఈ హడావుడిలో "మీ పిల్లవాడు చదవడంలో క్లాసు కంటే వెనకబడి ఉన్నాడు" అని టీచర్ నుంచి మెయిల్ వస్తే, అమెరికాలోని మన ఇళ్లలో ఎక్కువగా రెండే జరుగుతాయి. ట్యూషన్‌లో చేర్చి వర్క్‌షీట్లు పెంచుతారు. లేదా ఇంగ్లీషు అలవాటైతే అదే సర్దుకుంటుందని ఊరుకుంటారు. డిస్లెక్సియా, అంటే అక్షరాలను ధ్వనులతో జతచేసి చదవడం కష్టమయ్యే సమస్య, ఉన్న పిల్లలకు ఈ రెండింటివల్లా నష్టపోయేది కాలమే. చదవడం నేర్పడానికి ఒకటి, రెండు తరగతుల్లో పట్టే శ్రమకు నాలుగైదు తరగతులకు వచ్చేసరికి చాలా రెట్లు పడుతుంది.

ప్రభుత్వ బడుల్లో దీనికి చట్టం ఉంది. 1975లో మొదలై, 1990లో 'ఐడియా' అన్న పేరు పొంది, 2004లో సవరించిన చట్టం అది. వైకల్యం వల్ల ప్రత్యేక బోధన (స్పెషల్ ఎడ్యుకేషన్) అవసరమైన పిల్లలకు ఆ బోధనను ఉచితంగా, రాసిన ప్రణాళిక ప్రకారం ఇవ్వాలంటుంది. ఆ ప్రణాళికే ఐఈపీ. బోధన మారక్కర్లేదు, పరీక్షలో అదనపు సమయం, ముందు వరసలో సీటు లాంటి సర్దుబాట్లు చాలు అనుకుంటే 1973 నాటి చట్టం కింద 504 ప్లాన్ ఇస్తారు. చదవడమే రాని పిల్లవాడికి 504 ఒక్కటీ ఇచ్చి సరిపెడితే ఒప్పుకోకండి. టైము ఎంత పెంచినా రాని చదువు రాదు. వీసా ఏదన్నది ఇక్కడ అడ్డు కాదు. ప్రైవేటు బడిలో మాత్రం ఈ హక్కులు ఇదే రూపంలో ఉండవు.

మొదటి మెట్టు ఎవాల్యుయేషన్, అంటే పిల్లల ఇబ్బంది ఏమిటో బడి పరీక్షించి తేల్చడం. దాన్ని టీచరుతో నోటిమాటగా అడిగితే బడికి గడువు మొదలవదు. ప్రిన్సిపాల్‌కు, స్పెషల్ ఎడ్యుకేషన్ విభాగానికి తేదీ వేసి మెయిల్ పంపండి. నాలుగు వాక్యాలు చాలు: "మా అమ్మాయి రెండో తరగతి. చదవడం, స్పెల్లింగ్‌లలో ఇబ్బంది పడుతోంది. డిస్లెక్సియాతో సహా అన్ని కోణాల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ చేయమని కోరుతున్నాం. సమ్మతి పత్రం పంపండి." మీరు సంతకం చేసిన సమ్మతి అందినప్పటినుంచి కేంద్ర చట్టం ప్రకారం 60 రోజుల్లో ఎవాల్యుయేషన్ పూర్తి కావాలి, రాష్ట్రం వేరే గడువు పెట్టుకుంటే అది వర్తిస్తుంది. టెక్సస్‌లో సాధారణంగా 45 బడి రోజులు. న్యూజెర్సీలో ఎవాల్యుయేషన్ నుంచి ఐఈపీ అమలు దాకా కలిపి 90 రోజులు. ఎవాల్యుయేషన్‌కు ఒప్పుకున్నంత మాత్రాన స్పెషల్ ఎడ్యుకేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదు, దానికి మళ్లీ విడిగా సంతకం అడుగుతారు. ఇది తెలియకే చాలామంది మొదటి కాగితం దగ్గరే ఆగిపోతారు.

బడి "చేయం" అంటే, ఎందుకు చేయరో రాతపూర్వకంగా ఇవ్వాలి. "ముందు చిన్న గ్రూపులో పెట్టి కొన్ని నెలలు చూద్దాం" అన్నది తరచూ వినే మాట. గ్రూపులో పెట్టడం మంచిదే. కానీ ఆ కారణంతో ఎవాల్యుయేషన్‌ను వాయిదా వేయకూడదని కేంద్ర విద్యాశాఖ 2011లోనే రాష్ట్రాలకు రాసింది. రెండూ ఒకేసారి జరగొచ్చు.

మన పిల్లల విషయంలో పెద్ద చిక్కు భాష. ఇంగ్లీషు రాకపోవడమే అసలు కారణమైతే వైకల్యంగా లెక్కించకూడదు. అలాగని ఇంగ్లీషు వచ్చేదాకా ఎవాల్యుయేషన్ ఆపనూ కూడదు. తేడా తేల్చడానికి మీరిచ్చే సమాచారమే ఆధారం. తెలుగులో మాటలు ఆలస్యంగా వచ్చాయా? విన్న కథను తెలుగులో వరసగా చెప్పగలదా? 'పలక'లో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుందంటే 'లక' అనగలదా? కుటుంబంలో ఇంకెవరికైనా చదువు ఇలాగే కష్టమైందా? ఇవన్నీ రాసివ్వండి. 'వెస్ట్' అన్న పలుకుకు వి రాయాలో డబుల్యూ రాయాలో తికమకపడటం తెలుగులో ఆ రెంటికీ ఒకే 'వ' ఉండటం వల్ల కావచ్చు. ఆ సంగతి స్కూల్ సైకాలజిస్టుకు మీరు చెబితేనే తెలుస్తుంది. ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే పాటించనక్కర్లేదు. రెండు భాషలు మాట్లాడటం వల్ల డిస్లెక్సియా రాదు.

ఐఈపీ మీటింగ్‌కు ముందే ఎవాల్యుయేషన్ రిపోర్టు, ఐఈపీ డ్రాఫ్టు అడిగి తెప్పించుకోండి. దుబాసీని బడే ఉచితంగా పెట్టాలి, కనీసం వారం ముందు అడగండి. ఇంగ్లీషు బాగా వచ్చిన తండ్రి ఒక్కడే మాట్లాడి, రోజూ పక్కన కూర్చుని చదివించే తల్లి తలూపి లేచి వస్తే బడికి సగం సంగతులు చేరవు. వీడియోలో పాల్గొనడానికీ చట్టం వీలిస్తుంది. ఆఫీసులో సెలవు దొరకనివాళ్లు ఇంకొకటి చూసుకోవచ్చు: పిల్లలకు డాక్టరు ధ్రువీకరించిన తీవ్ర ఆరోగ్య సమస్య ఉంటే, కుటుంబ, వైద్య అవసరాలకు చట్టం ఇచ్చే ఎఫ్ఎంఎల్ఏ సెలవును ఐఈపీ మీటింగులకు వాడుకోవచ్చని కార్మికశాఖ 2019లో చెప్పింది. కంపెనీలో 50 మంది ఉండాలి, మీరు 12 నెలలు, 1,250 గంటలు పనిచేసి ఉండాలి. ఒక్క డిస్లెక్సియాకు ఇది వర్తించడం కష్టం.

డ్రాఫ్టులో ముందు లక్ష్యాలు చూడండి. "చదవడం మెరుగుపడుతుంది" అంటే ఏమీ రాయనట్టే. "రెండో తరగతి పాఠంలో నిమిషానికి ఇప్పుడు 38 పదాలు తప్పు లేకుండా చదువుతోంది, మే నాటికి 70 చదవాలి" అంటే కొలవగలం. తర్వాత సేవల పట్టిక: వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు, గ్రూపులో ఎంతమంది, ఎవరు నేర్పుతారు. "అవసరాన్ని బట్టి" అని కనబడితే అంకె వేయించండి. అంకె లేని సేవ టీచర్ సెలవు పెట్టిన వారమే మాయమవుతుంది. ఎవాల్యుయేషన్ సరిగా లేదనిపిస్తే బడి ఖర్చుతో బయటి నిపుణుడి ఎవాల్యుయేషన్ కోరే హక్కుంది. బడి దానికి డబ్బు పెట్టాలి, లేదా తమది సరైనదని విచారణలో నిరూపించుకోవాలి. ప్రశ్నలు వేస్తే టీచరు నొచ్చుకుంటారేమోనని మనవాళ్లు జంకుతారు. ఇక్కడ తల్లిదండ్రులు ఐఈపీ రాసే బృందంలో సభ్యులు, అడగడం మీ పనే.

ఇంట్లో రోజుకు 15 నిమిషాలు చాలు, కానీ పద్ధతిగా. అక్షరమాలతో పెరిగిన మనం తెలియకుండా చేసే పొరపాటు ఒకటుంది. 'బ'లో 'అ' కలిసే ఉంటుంది. 'బ్యాట్' నేర్పుతూ "బ, యా, ట" అంటే పిల్లవాడు కలిపి "బయాట" అంటాడు, తప్పు వాడిది కాదు. పొల్లుతో "బ్... యా... ట్" అనండి. మొదట్లో సాగదీయగల మ్, స్, న్ ధ్వనులతో 'సన్', 'మ్యాన్' లాంటి మాటలు తీసుకుంటే కలపడం తేలిక. మూడు నిమిషాలు ధ్వనులు, నాలుగు నిమిషాలు కలిపి చదవడం, నాలుగు నిమిషాలు డిక్టేషన్, మిగతాది నేర్చిన ధ్వనులే ఉన్న చిన్న పుస్తకం. డిక్టేషన్‌లో 'షిప్' అంటే ముందు వేళ్లమీద ష్, ఇ, ప్ అని మూడు ధ్వనులు లెక్కపెట్టించి, ఆ తర్వాతే నాలుగు అక్షరాలు రాయించండి. ఆగిపోతే బొమ్మ చూసి ఊహించమనకండి, వేలు అక్షరం మీదే పెట్టించండి.

సైన్సు, సోషల్ మాత్రం మీరు చదివి వినిపించండి, లేదా ఆడియో పుస్తకం పెట్టండి. చదవడానికి అడ్డువచ్చే వైకల్యం ఉన్న విద్యార్థులకు అమెరికాలో బుక్‌షేర్ అనే ఈ-పుస్తకాల లైబ్రరీ ఉచితం. హోంవర్క్ రెండు గంటలు పడుతుంటే పట్టిన సమయం పేజీ మీదే రాసి పంపండి, తగ్గించమని అడగడానికి అదే ఆధారం.

ప్రాజెక్టు మారి రాష్ట్రం దాటాల్సి వస్తే సంతకాలైన ఐఈపీ, ఎవాల్యుయేషన్ రిపోర్టు, చివరి ప్రోగ్రెస్ రిపోర్టు మీ చేతుల్లోనే ఉంచుకోండి. ఒక బడి నుంచి ఇంకో బడికి ఫైలు చేరడానికి వారాలు పట్టొచ్చు. కొత్త ఊరి బడుల్ని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ తన ఎవాల్యుయేషన్ చేసుకుని కొత్త ఐఈపీ రాసేదాకా పాతదానికి సమానమైన సేవలు ఇవ్వాలి. చేరిన రోజే ప్రతులిచ్చి, అందినట్టు మెయిల్ తీసుకోండి.