చుక్క జారే నలభై సెకన్లు: సోఫియాలో నా మట్టి పని

ఫిబ్రవరి, రెండో శనివారం

బల్గేరియా రాజధాని సోఫియాలో ఇది నాకు మూడో చలికాలం. ఇంట్లో కూర్చుని ఓటీటీ చూసీ చూసీ విసుగొచ్చి ఒక కుండల స్టూడియోలో చేరాను. వారానికి మూడు గంటలు. నేర్పేది డెబ్బై దాటిన ఆవిడ, సొంతూరు కుండలకు పేరున్న త్రోయాన్ అనే ఊరి దగ్గర. అందరూ ఆవిడను బాబా అంటారు. బల్గేరియన్‌లో బాబా అంటే నాయనమ్మ, అమ్మమ్మ. అది తెలియక మా అమ్మ ఫోన్లో "ఏ బాబా దగ్గరికే వెళ్తున్నావ్? డబ్బులేమైనా అడిగాడా?" అని టెన్షన్ పడింది.

వెళ్ళగానే సారె మీద కూర్చోబెడుతుందనుకున్నాను. సారె తిప్పడానికి వేరే కుర్రాడున్నాడు. అతను చేసిన ఎనిమిది గిన్నెలు నా ముందు పెట్టి, చేతికి ఒక రబ్బరు బుడ్డి ఇచ్చింది. పసిపిల్లల ముక్కు శుభ్రం చేయడానికి మందుల షాపులో అమ్ముతారే, అదే. "మా ఇంట్లో సారె నాన్నది, చుక్క అమ్మది. నువ్వు చుక్కతో మొదలుపెట్టు, మొమిచే" అంది. మొమిచే అంటే పిల్లా అని. నాకు ముప్పై ఎనిమిది.

చుక్కను వీళ్ళు కాప్కా అంటారు. త్రోయాన్ కాప్కా అంటే గోధుమ రంగు మీద మీగడ, పచ్చ, పసుపు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి, కూజా ఒంటి మీద కిందికి జారి నెమలి కన్నుల్లా ఆగిపోవడం. కుంచెతో వేసిన రంగనుకున్నాను ఇన్నాళ్ళూ. అంతా పలచటి మట్టేనట.

ఎనిమిదిలో మూడు ఆ రోజే పోయాయి. బాబా తప్పేం లేదు, ఆగమంటే నేనే ఆగలేదు. గిన్నె బాగా పచ్చిగా ఉండగా పూత పోశాను. ఆ తడికి అంచు మెత్తబడి, వాడిన తమలపాకులా వాలిపోయింది. గోరు దిగీ దిగనట్టు ఆరాక పోయాలి. గోడ మందం ఐదు మిల్లీమీటర్లకు తగ్గితే అప్పుడు కూడా నమ్మకం లేదు. ఏడుంటే నిలబడుతుంది.

మార్చి మొదటి వారం

ఈ వారమంతా పూత చిక్కదనంతోనే గొడవ. ఇంట్లో బాల్కనీలో నా సొంత డబ్బాలు పెట్టుకున్నాను. వంద గ్రాముల పొడి తెల్లమట్టికి నేను కలుపుతున్న లెక్క ఇది: పచ్చకు కాపర్ ఆక్సైడ్ నాలుగు గ్రాములు, నీలానికి కోబాల్ట్ ఒక్క గ్రాము చాలు, ఎర్ర గోధుమకు ఐరన్ ఆక్సైడ్ ఎనిమిది. పొడులు కలిపేటప్పుడు మాస్కు తప్పనిసరి. నీళ్ళు పోసి రాత్రంతా నాననిచ్చి, వంద మెష్ జల్లెడలో రెండుసార్లు వడగట్టాలి. ఒక్క పలుకు మిగిలినా బుడ్డి ముక్కు మూసుకుపోతుంది, సరిగ్గా చుక్క పడాల్సిన క్షణంలోనే.

చిక్కదనం ఎంతుండాలని బాబాను అడిగితే యోగర్ట్ అంటుంది. ఆవిడ యోగర్ట్‌కు, మన పెరుగుకు చాలా తేడా. నాకు పనికొచ్చిన కొలత: అడుగు పూత గరిటజారు దోసెల పిండిలా, చుక్కల మట్టి ఒక వీసం చిక్కగా. నమ్మకం లేనివాళ్ళు తూకం వేసుకోండి. వంద మిల్లీలీటర్లు 150 గ్రాములకు అటూ ఇటుగా ఉంటే చుక్క బాగా జారుతోంది. 135కు పడిపోతే అడుగు దాకా కారిపోయింది.

మార్చి ఆఖరి వారం

అసలు సంగతి ఇప్పుడు పట్టుబడింది. గిన్నె మీద గోధుమ పూత పోసి తిప్పి ఒంపేస్తాం. అప్పుడు పూత అద్దంలా మెరుస్తుంటుంది. ఆ మెరుపు పోయేలోపే చుక్కలన్నీ పడిపోవాలి. ఫోన్లో టైమర్ పెట్టి చూశాను, నా గదిలో నలభై సెకన్లు. మెరుపు ఉన్నప్పుడు పడిన చుక్క పూతలో కలిసిపోతుంది, వేలితో తడిమితే ఎత్తు తెలియదు. మెరుపు పోయాక పడింది మొటిమలా నిలబడుతుంది, కాల్చాక పెచ్చులా ఊడుతుంది.

బాబా చెయ్యి చూడాలి. తెల్ల చుక్క, దాని నెత్తి మీద పచ్చ, పచ్చ నడుమ మళ్ళీ పసుపు. అంచు చుట్టూ పన్నెండు చోట్ల. లెక్కపెట్టదు, కొలవదు, మొదటిదానికి పన్నెండోదానికి మధ్య ఖాళీ సరిగ్గా కుదురుతుంది. ఆ తరవాత గిన్నెను ఏటవాలుగా పట్టుకుని అరచేత్తో అడుగున రెండు దెబ్బలు వేస్తుంది. పన్నెండు చుక్కలూ ఒకేసారి కదిలి, తోకలు సాచి, ఆగుతాయి. మా నాయనమ్మ మెలికల ముగ్గు వేస్తుంటే చూసినప్పుడు కూడా ఇలాగే నోరు తెరుచుకుని నిలబడేదాన్ని.

వాళ్ళ ఇంట్లో అడుగున నాన్న పేరు గీసిన కూజా ఒకటి చూపించింది. "కుండ చేసినవాడి పేరు అది. చుక్కలకు పేరెందుకు, చూడగానే అమ్మవని తెలుస్తుందిగా" అంది. నాకు ఆ సమాధానం అంతగా నచ్చలేదు. తెలిసేది ఆ ఇంటివాళ్ళకే కదా. ఒట్టోమన్ల కాలంలో ఇక్కడ కుమ్మరులకు ఎస్నాఫ్ అనే సంఘాలుండేవి. ఉస్తాదులు, శిష్యులు, అందరూ మగవాళ్ళే. డాన్యూబ్ దాటి రొమేనియా వెళ్తే హొరెజు అనే ఊళ్ళో ఈ పని పంపకం కాగితం మీదే కనిపిస్తుంది. 2012లో యునెస్కో జాబితాలోకి ఆ కుండల పని ఎక్కినప్పుడు, మట్టి తవ్వి తెచ్చేది మగవాళ్ళు, కాల్చే ముందు నగిషీ పెట్టేది ఆడవాళ్ళు అని రాశారు. అక్కడ రబ్బరు బుడ్డికి బదులు బోలుగా తొలిచిన ఎద్దు కొమ్ము. మా ఊళ్ళోనూ కుమ్మరి పెద్దమ్మ మట్టి జల్లించేది, చెక్కతో కొట్టేది, గంప నెత్తిన పెట్టుకుని అమ్ముకొచ్చేది. సారె మీద ఆవిడ చెయ్యి వేయగా నేను చూడలేదు.

ఏప్రిల్ మూడో వారం

బట్టీ ఫలితం. పదకొండు గిన్నెలు పెట్టాం, ఏడు బాగా వచ్చాయి. మొదటి కాల్పు 980 డిగ్రీలు, 600 దాకా గంటకు 80 చొప్పున మెల్లగా. తరవాత సీసం లేని పారదర్శక గ్లేజులో (గాజు పూతలో) ముంచి 1060. రెండింటికి పెచ్చులూడాయి (ఎందుకో పైన రాశాను), ఒకదానికి అడుగు అతుక్కుపోయింది, ఒకటి నా చేతిలోంచే జారింది. ఇంకో మాట. లోపలి వైపు కాపర్ పచ్చ వేస్తే అందులో పులుసు, నిమ్మకాయ వద్దు. పులుపుకు రాగి దిగొచ్చు. నేను పచ్చను బయటికే పరిమితం చేశాను.

మే 1

స్టూడియోలో తోటి అమ్మాయి వాళ్ళ ఊరికి పిలిచింది. దేశానికి పడమటి అంచున, త్రన్ దగ్గర. ఇవాళ యెరెమియా ప్రవక్త పండగ. పొద్దున్నే గిన్నెలు, ఇనుప సామాను వాయిస్తూ "పాములారా పారిపోండి, యెరెమియా వస్తున్నాడు" అని అరిచే ఆచారం. మనం పుట్టలో పాలు పోస్తాం, వీళ్ళు డప్పు కొట్టి తరుముతారు.

నేను వెళ్ళింది పాముల కోసం కాదు, పొద్నిత్సా కోసం. రొట్టె కాల్చే మందపాటి మట్టి పళ్ళెం అది. పడమటి పల్లెల్లో ఆడవాళ్ళు ఈ రోజునే చేసేవారు. సారె లేదు, ఎస్నాఫ్ లేదు, మగవాళ్ళ ప్రమేయం లేదు. మట్టిలో గడ్డి పొట్టు, మేక వెంట్రుకలు కలిపి చెప్పుల్లేని కాళ్ళతో తొక్కడం. ఇలాంటి కుండలు బాల్కన్ అంతటా ఉన్నాయి. సెర్బియా ఎథ్నోగ్రాఫర్ మిలెంకో ఫిలిపోవిచ్ 1951లో ఆడవాళ్ళ కుండల మీదే ఒక పుస్తకం వేశాడు.

నలుగురం గంటన్నర తొక్కాం. మేక వెంట్రుకలు కాలి వేళ్ళ మధ్య చుట్టుకుంటాయి, వాటిని తీసేయకూడదు, మట్టిని పగలకుండా పట్టి ఉంచేవి అవే. ముద్దను నేల మీద చరిచి, అంచు పైకి లాగి, తడి చేత్తో నునుపు చేశాం. నాది నలభై సెంటీమీటర్ల వెడల్పు, అడుగు మందం నాలుగు. ఆ ఇంటి పెద్దావిడ మధ్యలో వేలితో నిలువు గీత, అడ్డగీత లాగింది. శిలువ. దీనికి ఉన్న నగిషీ అదొక్కటే. రంగు లేదు, చుక్క లేదు.

జూన్ రెండో వారం

పొద్నిత్సా నీడన ఐదు వారాలు ఆరింది. ఒక అంచున సన్నటి బీట వచ్చింది, ఎండ తగిలిన వైపు. బొగ్గుల మీద మెల్లగా కాల్చి తెచ్చుకున్నాను. కొత్త మంగలానికి మా అమ్మమ్మ చేసినట్టు గంజి పోసి కాచాను.

స్టూడియో పెరట్లో నిప్పు చేసి, దాన్ని బాగా వేడెక్కించి, పిండి ముద్ద వేసి, పైన వ్రష్నిక్ అనే మూత బోర్లించి, దాని మీద నిప్పులు పోశాం. మొదటి రొట్టె అడుగంటింది. రెండోది ముప్పై ఐదు నిమిషాలకు వచ్చింది, వీపు మీద శిలువ అచ్చుతో సహా. చల్లారేలోపు అదే పళ్ళెంలో ఒక జొన్నరొట్టె కూడా వేశాను. బాబా తుంచి నోట్లో పెట్టుకుని, ఉప్పు మర్చిపోయావంది.

వచ్చే శనివారం సారె మీద కూర్చోమంది. అడుగున గీసుకోవడానికి మేకు ఒకటి తెచ్చుకోమంది. నా గిన్నె మీద చుక్కలు తను పెడితే తన పేరు కూడా గీస్తానన్నాను. నవ్వి, అక్షరాలు చిన్నవిగా గీయి, పెద్దగా గీస్తే అడుగు పగులుతుంది అంది.