గది బయట నిలబడిన భర్త

నా భార్య తొలిసారి గర్భవతిగా ఉన్నప్పుడు పరీక్షలకు ఆమె వెంట ఆరోగ్య కేంద్రం దాకా వెళ్లేవాడిని గానీ, గది లోపలికి ఒక్కసారీ అడుగుపెట్టలేదు. లోపలికి రమ్మని నర్సు పిలవలేదు, వస్తానని నేను అడగలేదు. ఎనిమిదో నెలలో ఒక రాత్రి ఆమె తల పగిలిపోతోందని, కళ్లు మసకబారుతున్నాయని చెబితే, అలసటేమోనని పడుకోమన్నాను. బీపీ బాగా పెరిగిందనడానికి అవి గుర్తులు కావచ్చని, నిర్లక్ష్యం చేస్తే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డల ప్రాణాల మీదికి రావచ్చని మర్నాడు డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు. ఆ సంగతి నర్సు అంతకుముందే ఆమెకు చెప్పిందట. ఆమె వెళదామనే అంది. కానీ బండి మాట్లాడవలసింది, డబ్బు తీయవలసింది నేను. ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు గానీ, ఆ రాత్రి నా వల్ల వృథా అయిన గంటలను నేను మరిచిపోలేదు.

గర్భిణుల, బాలింతల మరణాల వెనుక మూడు ఆలస్యాలుంటాయని సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే పరిశోధకులు 1994లో వివరించారు: ఆస్పత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో, అక్కడికి చేరుకోవడంలో, చేరాక వైద్యం అందడంలో జరిగే ఆలస్యాలు. మొదటి రెండూ ఇంట్లోనూ దారిలోనూ జరిగేవే. కాన్పు తర్వాత తీవ్ర రక్తస్రావం మొదలైతే ఆరోగ్యంగా ఉన్న తల్లి కూడా రెండు గంటల్లోపే ప్రాణం కోల్పోవచ్చు. ఆస్పత్రి దూరంగా ఉన్న పల్లెలో అప్పటికప్పుడు బండి వెతకడానికే ఆ సమయం చాలదు. అందుకే కాబోయే తండ్రి ప్రమాద సూచనలన్నీ భార్యతో పాటు విని ఉండాలి, రాత్రివేళ పిలిస్తే వచ్చే డ్రైవర్లతో ముందే మాట్లాడి ఉంచాలి, అవసరమైతే రక్తం ఇచ్చేవారిని చూసి పెట్టుకోవాలి.

గర్భం, కాన్పు, బాలింతదశల్లో పురుషుల భాగస్వామ్యాన్ని పెంచే కార్యక్రమాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫార్సు చేసింది. అయితే స్త్రీ ఇష్టాన్నీ, నిర్ణయాధికారాన్నీ గౌరవించాలనే షరతు కూడా పెట్టింది. నా దృష్టిలో ఆ షరతే అసలు ప్రాణం. భర్తతో వచ్చినవారిని ముందు చూస్తామనే పద్ధతి పెడితే, భర్త పోయినవారు, భర్త వలస వెళ్లినవారు, ఒంటరి తల్లులు వెనుక వరుసలో మిగిలిపోతారు. కొందరు రావడమే మానుకుంటారు. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీ ఆ మాట భర్త ముందు చెప్పలేదు. కనుక నర్సు మొదట ఆమెతో ఒంటరిగా మాట్లాడి, ఆమె సరేనంటేనే భర్తను పిలవాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు: పరీక్ష బల్ల చుట్టూ ఒక తెర, పక్కన మరో కుర్చీ, కూలి పోకుండా రావడానికి వీలుగా వారంలో ఒక సాయంత్రం. గర్భిణి కనీసం ఎనిమిది సార్లు పరీక్షకు రావాలని 2016 నుంచి ఆ సంస్థ చెబుతోంది; రోజు కూలితో బతికేవాడు అన్నిసార్లు పని మానుకోలేడు.

రెండోసారి గర్భంలో నర్సు నా భార్యను అడిగి నన్ను లోపలికి పిలిచింది. ఆ రోజే మేము ముగ్గురు డ్రైవర్ల నంబర్లు ఒక కాగితంపై రాసి తలుపు వెనుక అంటించాము. నెలలు నిండాక ఒక తెల్లవారుజామున ఉమ్మనీరు పోయింది. వెళదామని ఆమె చెప్పింది, నేను ఫోన్ అందుకున్నాను. మొదటి నంబరు పలకలేదు. రెండో నంబరు మనిషి పది నిమిషాల్లో బండితో వాకిట్లో ఉన్నాడు.